లోపాలకు లెక్క రాసిన గణితవేత్త – గ్రేస్ హాపర్

బావి దగ్గర మోటారు ఆగిపోతే మెకానిక్ వచ్చి విప్పి చూస్తాడు. కాలిన తీగ కంటికి కనిపిస్తుంది, దాని వాసన ముక్కుకు తెలుస్తుంది. రోగి ఎదుట కూర్చుంటే వైద్యుడు నాడి పట్టి చూస్తాడు. కానీ కంప్యూటర్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్ అర్ధాంతరంగా కుప్పకూలితే పైకి ఏ ఆనవాలూ మిగలదు. పొగ రాదు, చప్పుడు కాదు. తెర నల్లబడుతుంది, అంతే. యంత్రాన్ని ఆపి మళ్లీ నడిపిస్తే లోపం జరిగిన క్షణపు జాడలన్నీ చెరిగిపోతాయి. కాబట్టి లోపానికి కారణం కనిపెట్టాలంటే ఆ క్షణంలో యంత్రం ఏ స్థితిలో ఉన్నదో ముందుగా భద్రపరచాలి. నేటి సాఫ్ట్‌వేర్ నిపుణులు క్రాష్ డంప్ అని పిలిచేది ఇటువంటి భద్రపరచిన సాక్ష్యాన్నే. లోపాన్ని దాచకుండా, విసుక్కోకుండా, వేళతో సహా రాసిపెట్టే క్రమశిక్షణ కంప్యూటర్ల తొలి తరంలోనే మొదలైంది. ఆ తరంలో అగ్రగణ్యురాలు గ్రేస్ హాపర్.

గ్రేస్ బ్రూస్టర్ మర్రే 1906 డిసెంబరు 9న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించారు. తండ్రి వాల్టర్ మర్రే బీమా వ్యాపారి. తల్లి మేరీకి గణితమంటే మక్కువ. రక్తనాళాల వ్యాధి వల్ల తండ్రి రెండు కాళ్లూ కోల్పోయారు. అయినా ఆయన కుంగిపోలేదు. కుమారుడితో సమానంగా కుమార్తెలిద్దరూ ఉన్నత విద్య అభ్యసించాలని, తమ కాళ్ల మీద తాము నిలబడాలని పట్టుబట్టారు. ఆడపిల్లల చదువును అలంకారప్రాయంగా భావించిన ఆ రోజుల్లో ఈ సంకల్పం అరుదైనది.

గ్రేస్‌కు ఏడేళ్ల వయసులో ఒక ముచ్చట జరిగింది. అలారం గడియారం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న కోరికతో ఆ బాలిక ఒక గడియారాన్ని విప్పింది. విప్పిన భాగాలను తిరిగి కూర్చడం చేతకాలేదు. లోపల ఏది ఎక్కడుండాలో చూద్దామని మరొకటి విప్పింది. ఇలా ఇంట్లోని ఏడు గడియారాలూ ముక్కలయ్యాయి. తల్లి కోపగించుకోలేదు. ఇకపై ఒక్క గడియారాన్ని మాత్రమే విప్పుకోవచ్చునని హద్దు పెట్టింది. చెడిన దానిని బాగున్న దానితో పోల్చి చూడాలన్న బుద్ధి ఆ పసివయసులోనే ఆమెకు అబ్బింది.

చదువు బాటలో ఆమెకు తొలి అడుగే తడబడింది. లాటిన్ భాషా పరీక్షలో తప్పడం వల్ల వాసార్ కళాశాలలో ప్రవేశం ఒక ఏడాది ఆలస్యమైంది. ఆమె నిరుత్సాహపడక మరుసటి సంవత్సరం ప్రవేశం సాధించి, 1928లో గణిత, భౌతికశాస్త్రాల్లో పట్టభద్రురాలయ్యారు. యేల్ విశ్వవిద్యాలయం నుంచి 1930లో ఎం.ఏ., 1934లో గణితశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. 1930లో విన్సెంట్ హాపర్‌ను వివాహమాడారు. 1945లో ఆ దంపతులు విడిపోయినా, హాపర్ అనే పేరు మాత్రం ఆమెతో నిలిచిపోయింది. 1931 నుంచి వాసార్ కళాశాలలోనే ఆమె గణితం బోధించారు.

రెండవ ప్రపంచ యుద్ధం ఆమె జీవిత గమనాన్ని మార్చివేసింది. నౌకాదళంలో చేరాలని ఆమె ఉబలాటపడ్డారు. ముత్తాత నౌకాదళంలో అడ్మిరల్‌గా పనిచేసిన వంశం ఆమెది. కానీ వయసు 36 దాటింది. శరీరం బరువు నిర్ణీత ప్రమాణానికి 15 పౌన్లు తక్కువ. పైగా గణిత అధ్యాపకులు బోధన వృత్తిలో ఉండటమే దేశానికి మేలని ప్రభుత్వం భావించింది. ఆమె పట్టు విడువక ప్రత్యేక అనుమతి సంపాదించి 1943 డిసెంబరులో నౌకాదళ మహిళా రిజర్వు విభాగంలో చేరారు. శిక్షణలో ప్రథమస్థానం పొంది, 1944లో లెఫ్టినెంట్ హోదాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని గణన కేంద్రానికి నియమితులయ్యారు.

అక్కడ హోవర్డ్ ఐకెన్ నాయకత్వంలో మార్క్ వన్ అనే మహాయంత్రం పనిచేస్తున్నది. దాని పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు, బరువు సుమారు 5 టన్నులు. లోపల వందల మైళ్ల తీగలు, లక్షల కొద్దీ విడిభాగాలు. సెకనుకు మూడు కూడికలు చేసేది. ఒక గుణకారానికి ఆరు సెకన్లు తీసుకునేది. నేటి చేతి ఫోనుతో పోల్చితే అది నత్తనడకే. ఆనాటి వారికి మాత్రం అది అద్భుతం. ఆదేశాలను కాగితపు పట్టీపై రంధ్రాల రూపంలో పొడిచి యంత్రానికి అందించేవారు. విలోమ టాంజెంట్ విలువల గణనకు అవసరమైన గుణకాలను 23 దశాంశ స్థానాల వరకు లెక్కించడం హాపర్‌కు ఐకెన్ అప్పగించిన మొదటి పని.

ఆ గదిలో రాత్రింబవళ్లు లెక్కలు సాగేవి. ఫిరంగి గుండ్ల గమనం, సముద్రంలో శత్రువులు అమర్చిన మందుపాతరల ఏరివేత వంటి సమస్యలు అక్కడికి వచ్చేవి. 1944లో జాన్ వాన్ న్యూమన్ తీసుకొచ్చిన ఒక లెక్క అణుబాంబుకు సంబంధించినదని ఆ గదిలోని వారికి తర్వాతగానీ తెలియలేదు. ఒక రంధ్రం తప్పుగా పడినా, ఒక రిలే సరిగా మూసుకోకపోయినా ఫలితం తారుమారయ్యేది. యంత్రం ఆగిపోతే అదృష్టం. ఆగకుండా తప్పు జవాబు ఇస్తే ప్రమాదం. ఎందుకంటే ఆ జవాబును నమ్మి ఓడలు కదిలేవి. తప్పు ఎక్కడ జరిగిందో తేల్చనిదే ఏ జవాబునూ నమ్మడానికి వీలులేదని హాపర్ ఆ గదిలో నేర్చుకున్నారు. అందుకే అక్కడ ఒక దినచర్య పుస్తకం ఉండేది. యంత్రం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఏ భాగం మొరాయించింది అన్న వివరాలను వేళతో సహా అందులో రాసేవారు. మార్క్ వన్‌ను నడిపే తీరును వివరిస్తూ 500 పైచిలుకు పుటల గ్రంథాన్ని కూడా హాపర్ ఐకెన్‌తో కలిసి రూపొందించారు. అది 1946లో వెలువడింది.

తర్వాతి యంత్రం మార్క్ టూ. 1947 సెప్టెంబరు 9న దానిని పరీక్షిస్తుండగా పనిలో అంతరాయం కలిగింది. సిబ్బంది వెదకగా, ఎఫ్ అనే ఫలకంలోని 70వ నంబరు రిలేలో ఒక రెక్కల పురుగు చిక్కుకుని చచ్చి ఉంది. ఆ పురుగును పారవేయకుండా దినచర్య పుస్తకంలోనే పట్టీతో అంటించారు. పక్కనే మధ్యాహ్నం 3 గంటల 45 నిమిషాలన్న సమయం రాసి, నిజంగా పురుగు దొరకడం ఇదే మొదటిసారి అన్న అర్థంలో ఒక చమత్కార వాక్యం చేర్చారు. ఆంగ్లంలో పురుగుకు బగ్ అని పేరు. యంత్రాల్లోని లోపాన్ని బగ్ అనడం అంతకుముందే వాడుకలో ఉంది. 19వ శతాబ్దంలోనే ఎడిసన్ ఆ మాటను ఆ అర్థంలో వాడారు. ఆ చమత్కారానికి మూలం అదే. పురుగును కనిపెట్టింది హాపర్ అని చాలామంది అనుకుంటారు గానీ అది నిజం కాదు. ఆ వృత్తాంతాన్ని దేశమంతా తిరిగి చెప్పి, లోకప్రసిద్ధం చేసింది మాత్రం ఆమే. ఆ పుస్తకం నేడు అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు చెందిన జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో భద్రంగా ఉంది.

ఈ చిన్న సంఘటనలో నవ్వుకు మించిన విషయం ఉంది. ఆ పుటలో మూడు అంశాలున్నాయి: లోపం ఎప్పుడు బయటపడింది, ఎక్కడ బయటపడింది, దానికి సాక్ష్యం ఏమిటి. ఆ పురుగును ఊడ్చివేసి ఉంటే యంత్రం ఎలాగూ నడిచేది. కానీ అదే లోపం మరోసారి తలెత్తినప్పుడు మొదటి నుంచి వెదకవలసి వచ్చేది. కాలం, స్థలం, సాక్ష్యం అనే ఈ మూడింటినే నేటి క్రాష్ నివేదికలు కూడా నమోదు చేస్తాయి.

యంత్రాల వేగం పెరిగిన కొద్దీ లోపాలు కంటికి కనిపించని చోటికి జరిగిపోయాయి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో 1949లో ఎడ్సాక్ అనే కంప్యూటర్ పని ప్రారంభించింది. తన శేష జీవితంలో పెద్ద భాగం తన ప్రోగ్రాముల్లోని తప్పులు వెదకడానికే సరిపోతుందని దాని నిర్మాత మారిస్ విల్క్స్‌కు ఆ ఏడాదిలోనే అర్థమైంది. ఆయన సహచరుడు స్టాన్లీ గిల్ 1951లో ప్రోగ్రాముల్లోని తప్పులను నిర్ధారించే పద్ధతులపై ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ప్రోగ్రామ్ ఆగిపోగానే యంత్రం జ్ఞాపకశక్తిలో, అంటే మెమరీలో, మిగిలి ఉన్న అంకెలను కాగితంపై ముద్రించే చిన్న ప్రోగ్రాములను కేంబ్రిడ్జ్ బృందం తయారుచేసింది. వాటికి వారు పెట్టిన పేరు పోస్ట్‌మార్టం. మరణించిన దేహాన్ని పరీక్షించి కారణం తెలుసుకున్నట్లే, ఆగిన ప్రోగ్రామ్‌ను పరీక్షించి కారణం తెలుసుకోవడమన్నమాట. 1950లలో చిన్న చిన్న అయస్కాంత వలయాలతో చేసిన కోర్ మెమరీ వాడుకలోకి వచ్చాక, దానిలోని అంకెలన్నిటినీ ఒక్కసారిగా కుప్పపోయడాన్ని కోర్ డంప్ అన్నారు. కల్లంలో పోసిన కుప్పలో గింజ, పొల్లు కలిసే ఉంటాయి. తూర్పారపట్టితేగానీ గింజ చేతికి రాదు. డంప్ కూడా అటువంటిదే. వేలకొద్దీ అంకెల నడుమ తప్పుకు కారణమైన ఒక్క అంకెను పట్టుకోవడానికి ఓర్పు, తర్కం రెండూ కావాలి.

1949లో హాపర్ ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్–మాక్లీ సంస్థలో చేరారు. అక్కడి బైనాక్ యంత్రం కోసం ఎనిమిది అంకెలతోనే లెక్కించే అష్టాంశ పద్ధతిలో ఆమె పనిచేయవలసి వచ్చింది. ఆ రోజుల్లో తన బ్యాంకు ఖాతా ఎంతకూ సరిపోకపోవడంతో ఆమె బ్యాంకు పని తెలిసిన తమ్ముడి సహాయం అడిగారు. ఆయన పరిశీలించి, అక్క అక్కడక్కడ అష్టాంశ పద్ధతిలో తీసివేతలు చేసిందని తేల్చారు. ఆమె ఈ ముచ్చటను తర్వాత నవ్వుతూ చెప్పేవారు. కానీ దాని నుంచి గ్రహించిన సత్యం గంభీరమైనది. యంత్రం భాషలో మనిషి ఆలోచించవలసి వస్తే తప్పులు తప్పవు. మనిషి భాషను యంత్రమే గ్రహించాలి.

మరొక విషయం కూడా ఆమె గమనించారు. ఒకసారి సరిచూసిన ప్రోగ్రామ్ ముక్కలను సహోద్యోగులు తమ నోటు పుస్తకాల్లో రాసుకుని, అవసరమైనప్పుడు కొత్త ప్రోగ్రామ్‌లోకి ఎత్తిరాసేవారు. ఎత్తిరాసేటప్పుడు కొత్త తప్పులు దొర్లేవి. తాళపత్రాలకు నకళ్లు రాసిన లేఖకుల చేతిలో మన కావ్యాలకు ఏ గతి పట్టిందో ఆ ప్రోగ్రాములకూ అదే గతి పట్టింది. ఒక అక్షరం జారుతుంది, ఒక పాదం ఎగిరిపోతుంది, పాఠాంతరం పుడుతుంది. ఎత్తిరాసే పనిని యంత్రానికే అప్పగిస్తే ఈ పీడ విరగడ అవుతుందని హాపర్ ఆలోచించారు. 1951–52 సంవత్సరాల్లో ఏ-జీరో అనే కంపైలర్‌ను తయారుచేశారు. సరిచూసిన ముక్కలను పట్టీపై ఉంచి, ఒక్కొక్క దానికి ఒక సంఖ్య కేటాయించి, ఆ సంఖ్యలు చెప్పగానే వాటన్నిటినీ యంత్రమే కూర్చే ఏర్పాటు అది. కంప్యూటర్ లెక్కలు మాత్రమే చేయగలదు, ప్రోగ్రాములు రాయలేదని పెద్దలు కొట్టిపారేశారు. పనిచేసే కంపైలర్ ఎదుట ఉన్నా దానిని ముట్టుకోవడానికి చాలాకాలం ఎవరూ ముందుకు రాలేదు.

ఆమె అక్కడితో ఆగలేదు. గణిత సంకేతాలు తెలియని గుమాస్తా కూడా రాయగలిగేలా మామూలు ఆంగ్ల పదాలతో ఫ్లో-మాటిక్ అనే ప్రోగ్రామింగ్ భాషను 1950లలో తన బృందంతో రూపొందించారు. 1959లో ప్రభుత్వ, వ్యాపార సంస్థల ప్రతినిధులు కలిసి కోబాల్ భాషకు శ్రీకారం చుట్టారు. దానిని ఒక సంఘం నిర్మించింది. హాపర్ ఒక్కరే దాని రూపకర్త కారు. కానీ ఆమె సలహాదారుగా ఉన్నారు. ఫ్లో-మాటిక్ దానికి పునాదిగా నిలిచింది. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామ్‌ను రెండు వేర్వేరు సంస్థల కంప్యూటర్లపై విజయవంతంగా నడిపి చూపారు. మనిషి చదవగలిగిన భాషలో ప్రోగ్రామ్ ఉంటే దానిలోని తప్పును మరొక మనిషి పట్టుకోగలడు. లోపాల వేటలో ఇది పెద్ద ముందడుగు.

1966 చివర వయసు కారణంగా నౌకాదళ రిజర్వు నుంచి ఆమెకు విరమణ ఇచ్చారు. ఏడు నెలలకే, 1967 ఆగస్టులో, ఆరు నెలల పనికని మళ్లీ పిలిచారు. ఆ ఆరు నెలలు దాదాపు 19 ఏళ్లయ్యాయి. నౌకాదళంలోని కంప్యూటర్లలో ఒక్కొక్కటి కోబాల్‌ను ఒక్కొక్క తీరుగా అర్థం చేసుకునేది. ఏ కంపైలర్ ప్రమాణానికి కట్టుబడి ఉన్నదో, ఏది దారి తప్పిందో తేల్చే పరీక్షా ప్రోగ్రాములను ఆమె బృందం సిద్ధం చేసింది. చిన్ననాడు గడియారాన్ని గడియారంతో పోల్చిన బుద్ధే ఇక్కడా పనిచేసింది.

ఉపన్యాసాల్లో ఆమె దాదాపు ఒక అడుగు పొడవున్న తీగముక్కలను పంచిపెట్టేవారు. సెకనులో నూరుకోట్లవ వంతు కాలంలో విద్యుత్ సంకేతం అంతకు మించి ప్రయాణించలేదని చెప్పి, కంటికి కనబడని కాలాన్ని శ్రోతల చేతిలో పెట్టేవారు. ఆమె కార్యాలయంలోని గోడగడియారం ముళ్లు వెనుకకు తిరిగేవి. పూర్వం నుంచి ఇలాగే చేస్తున్నామనే మాట ఏ పనికీ సమర్థన కాదని చెప్పడానికే ఆ గడియారం. 1985లో రియర్ అడ్మిరల్ హోదా పొంది, 1986 ఆగస్టు 14న 79 ఏళ్ల వయసులో ఆమె పదవీ విరమణ చేశారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. ఆమె పేరు పెట్టిన యుద్ధనౌక 1997లో సేవలో ప్రవేశించింది. 2016లో అమెరికా ప్రభుత్వం ఆమెకు మరణానంతరం అత్యున్నత పౌర పురస్కారమైన ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రకటించింది.

ఆమె తరం నాటిన విత్తనం నేడు మహావృక్షమైంది. నేడు ఒక ప్రోగ్రామ్ కుప్పకూలితే, ఆ క్షణాన ఏ ఆదేశం నడుస్తున్నది, దానిని ఏ భాగం పిలిచింది, మెమరీలో ఏ విలువలున్నాయి అన్న వివరాలతో క్రాష్ డంప్ దానంతట అదే తయారవుతుంది. వినియోగదారు అనుమతిస్తే అది నిర్మాతలకు చేరుతుంది. ఒక్క డంప్ చూస్తే కారణం తేలకపోవచ్చు. వేల డంప్‌లు కూడగట్టి, ఒకే పోలిక ఉన్నవాటిని ఒక వర్గంగా చేర్చినప్పుడు అసలు లోపం బయటపడుతుంది. సి.పి.బ్రౌన్ ఊరూరా తాళపత్ర ప్రతులు సేకరింపజేసి, పండితులచేత పోల్చి చూపించి, శుద్ధప్రతులు సిద్ధం చేయించిన పద్ధతి తెలుగువారికి తెలిసినదే. ఒక్క ప్రతిలోని తప్పు పది ప్రతుల నడుమ తెలిసిపోతుంది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మెమరీలో వినియోగదారు రహస్య పదాలు, సొంత ఉత్తరాలు కూడా ఉండవచ్చు. డంప్‌తో పాటు అవీ పరుల చేతికి చేరే ప్రమాదం ఉంది. అందుచేత అనుమతి లేనిదే తీసుకోకపోవడం, అవసరానికి మించి తీసుకోకపోవడం ఈ వృత్తిలో ధర్మం.

ఈ విద్యకు మన నేలతోనూ సంబంధం ఉంది. తెలుగు శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ స్థాపితమైంది. 1969 నాటికి అక్కడ టీడీసీ-12 అనే కంప్యూటర్ రూపుదిద్దుకుంది. ఆ సంస్థ ఉన్న ప్రాంతం 2016లో ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో చేరింది. శామీర్‌పేట సమీపంలో 2008లో బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం ప్రారంభమైంది. మేడ్చల్ రహదారి వెంట ఇంజనీరింగ్ కళాశాలలు వెలిశాయి. ఒకప్పుడు వరి చేలు, ద్రాక్ష తోటలు కనిపించిన ఆ పరిసరాల్లో నేడు వేలాది విద్యార్థులు తమ తొలి ప్రోగ్రాములు రాస్తున్నారు. వాటిలో చాలా వరకు మొదటిసారి విఫలమవుతాయి. అది సిగ్గుపడవలసిన విషయం కాదు. తప్పిన ప్రోగ్రామ్‌ను గబగబా చెరిపివేసి, పక్కవారి జవాబు ఎత్తిరాసుకునే విద్యార్థికి ఆ తప్పు ఏమీ నేర్పదు. ఏ వేళ, ఏ వాక్యం వద్ద, ఏ విలువతో ఆగిందో రాసుకునే విద్యార్థికి అదే గురువవుతుంది. 1947 నాటి ఆ పుస్తకంలో అంటించిన చిన్న పురుగు ఇంకా చెబుతున్న పాఠం అదే.

ప్రశ్నలు

1. గ్రేస్ హాపర్ బాల్యంలోని గడియారాల ముచ్చటకు, నౌకాదళంలో ఆమె చేసిన కోబాల్ పరీక్షలకు గల పోలికను వివరించండి.
2. మార్క్ టూ దినచర్య పుస్తకంలోని పుటకు, నేటి క్రాష్ డంప్‌కు గల సంబంధాన్ని తెలపండి.
3. ప్రోగ్రాములు ఎత్తిరాయడాన్ని పాఠంలో తాళపత్ర లేఖనంతో ఎందుకు పోల్చారు?
4. క్రాష్ డంప్‌ల సేకరణలో వినియోగదారు అనుమతి ఎందుకు అవసరం?